తడిచీరతో వైద్యుడింటికి

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో మా ఆయన రాళ్ళు చెక్కే పనికని నన్నూ, చంటిదాన్నీ వెంటబెట్టుకుని రాజమండ్రి వచ్చాడు. మాది నైజాం రాజ్యం. రెండు చోట్లా తెలుగే గాని, నేను నోరు తెరిస్తే చాలు, నూతి దగ్గర ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయేవారు. పక్కింటి పడవ మనిషి భార్య మాత్రం, "నవ్వుకోనీలే అమ్మాయ్, నువ్వొచ్చాకే ఈ వీధి కాస్త నవ్వుతోంది" అనేది. ఆ ఊళ్ళో నాకు అమ్మయినా అత్తయినా ఆవిడే.

ఆ వానాకాలం ఒకనాడు తెల్లవారుతూనే పిల్లకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. మా ఆయన అప్పటికే పనిలోకి వెళ్ళిపోయాడు. కడిగినకొద్దీ పాడుచేసుకుంటుంటే దాన్నీ కడిగాను, నన్నూ కడుక్కున్నాను. పొద్దెక్కేసరికి దాని కళ్ళు గుంటలు పడి, ఏడుపు సన్నబడిపోయింది. దొరల ఆసుపత్రి ఒకటి ఉందని విన్నాను గాని, అది ఏ దిక్కునో, లోపలికెళ్ళి ఎవరిని ఏమని అడగాలో తెలియదు. గుడి వీధి వైద్యుడి సంగతి మాత్రం అందరూ చెప్పుకునేవారు. పిల్లను పక్కింటావిడ ఒళ్ళో పెట్టి, ఆ తడిచీరతో, ముడి ఊడిన జుట్టుతోనే పరుగెత్తాను. ఆగమనీ, తన భర్తను పంపుతాననీ ఆవిడ వెనకనుంచి కేకేస్తూనే ఉంది. ఎందుకు ఆగాలి? మా ఊళ్ళో బిడ్డకు ప్రాణం మీదికొస్తే తల్లే వెళ్ళాలి. తల్లి జుట్టు విరబోసుకుని వాకిట్లో నిలబడితే వైద్యుడు తింటున్న అన్నం ముందు నుంచి లేచొస్తాడు. అంతకన్నా పెద్ద కబురు మాకు తెలియదు.

ఆ ముసలాయన అరుగు మీద మందు నూరుకుంటున్నాడు. తలెత్తి నన్ను చూసి, నూరడం ఆపేశాడు.

"మా పొల్ల సచ్చిపోతున్నదయ్యా, జర రాండ్రి" అన్నాను.

ఆయన కోప్పడలేదు. చూపు పక్కకు తిప్పుకుని, మీ మగవాళ్ళెవరూ లేరా అని అడిగాడు. లేరన్నాను.

"తడిబట్టతో, విరబోసుకున్న జుట్టుతో ఏడుస్తూ వచ్చి పిలిస్తే వైద్యుడు కదలకూడదు తల్లీ. అలా వెళ్ళిన చోట మందు పనిచెయ్యదు. పొడిబట్టలతో ఒక మగమనిషిని పంపించు, వెంటనే వస్తాను."

మాటలన్నీ అర్థమయ్యాయి. ఎందుకో మాత్రం అర్థం కాలేదు. మందు కోసం వచ్చి అక్కడ కూర్చున్న పెద్దమనిషి కూడా, ఆలస్యం చెయ్యకమ్మా, త్వరగా వెళ్ళు అని జాలిగా చెప్పాడు.

వెళ్ళిన దారినే పరుగెత్తి వచ్చాను. పడవ మనిషి ఉతికిన పంచె కట్టుకుని, చేత తాంబూలం పట్టుకుని బయలుదేరాడు. వైద్యుడు మాట తప్పలేదు. వాన పడుతున్నా గొడుగు తెరవడం మరిచి వచ్చాడు. పిల్ల చెయ్యి పట్టుకుని చాలాసేపు నాడి వెతికాడు. తేనెలో రంగరించి మందు నాలుక మీద రాస్తే, అది పెదవి పక్కనుంచి జారిపోయింది.

"ఇంకాస్త ముందు పిలవాల్సిందమ్మా" అన్నాడు. చెడ్డతనంతో అనలేదు. ప్రతి ఇంట్లోనూ అనే మాటే అయ్యుంటుంది.

"ముందే పిలిచిందండి" అంది పక్కింటావిడ, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని.

ఆయన మందుల పెట్టె మూసుకుని, గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

వంతెన దగ్గరికి కబురు వెళ్ళింది. మా ఆయన ఒంటినిండా రాతిపొడితో వచ్చాడు. పిల్లను చూశాడు, నన్ను చూశాడు.

"వైద్యుడు రాలే?" అన్నాడు.

జరిగింది చెబితే చేతిలో సుత్తితోనే గుడి వీధికి వెళ్ళే మనిషి. పరాయి ఊరు. మా తరఫున ఒక మాట అనడానికి ఎవరున్నారు?

"వచ్చిండు. మందిచ్చిండు" అన్నాను.

ఆయన తల ఊపాడు. పిల్ల పక్కన కూర్చున్నాడు. చేతులు దుమ్ముగా ఉన్నాయని కాబోలు, దాన్ని ముట్టుకోకుండా అలా చూస్తూ ఉండిపోయాడు.