టూ ఆఫ్ దెమ్

మొన్న మా అన్న కూతురు ఇంగ్లీషు పాఠం పైకి చదువుతోంది. "వన్ ఆఫ్ అజ్, టూ ఆఫ్ దెమ్, ఆల్ త్రీ ఆఫ్ యూ." వంటింట్లో కూర కలుపుతున్న వదిన చెయ్యి ఆగిపోయింది. పిల్లకు ఆ సంగతి తెలియదు, అప్పటికి అది ఉయ్యాలలో ఉంది. నాకు తెలుసు కనుక వదిన వైపు చూడలేదు.

ఉస్మాన్‌గంజ్‌లో మాది మసాలా దినుసుల టోకు దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. యాలకులూ మిరియాలూ కొనడానికి మా చిన్నాయన ఏటా కేరళ కొండల్లోకి వెళ్ళేవాడు. తను మిరియపు గింజ పంటి కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంటే ఎదుటి వ్యాపారికి చెమటలు పట్టేవట. ఆ మాట చిన్నాయన చెప్పిందే, సాక్షులు లేరు. పిల్ల ఉయ్యాలలో ఉన్న ఆ ఏడాది వానల్లో అన్నను కూడా వెంటబెట్టుకు వెళ్ళాడు. కారు నడిపేది బహదూర్‌పురా భాయ్. ఇల్లు జూ పక్కనే కావడంతో తెల్లారకముందే సింహాలు తనను లేపుతాయని, అందుకే ఎక్కడికీ ఆలస్యంగా రానని చెప్పుకునే మనిషి.

ఒకరోజు పొద్దున్నుంచీ ముగ్గురి ఫోన్లూ పలకలేదు. మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి నాన్నకు, మా అందరి బాపుకు, ఫోన్ వచ్చింది. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడింటిలోనూ బేరమాడగల బాపు ఇంగ్లీషు వినగానే ఫోన్ వదిన చేతిలో పెట్టాడు. మా ఇంట్లో ఆ భాష బాగా చదువుకున్నది ఆమె ఒక్కతే, నాది ఏదో వింటే అర్థమయ్యేంత. అవతల ఎవరో నర్సు. మాట తెగి తెగి వస్తోంది. కారు లోయలోకి జారింది. ఆస్పత్రిలో ఉన్నారు. "టూ ఆఫ్ దెమ్ ఆర్ విత్ అజ్. దే ఆర్ సేఫ్." అంతలో లైన్ పోయింది.

"ఇద్దరు మంచిగున్నరంట," అంది వదిన.

"పోయింది ముగ్గురు గదా బిడ్డా," అన్నాడు బాపు.

తిరిగి చేస్తే మోగుతుంది, ఎవరూ ఎత్తరు. వదిన మాత్రం ఆ మాటనే పట్టుకుని కూర్చుంది. మనకైతే ఇద్దరు, ఇద్దరూ అని ఒక్క దీర్ఘంతో తేలిపోతుంది. "టూ అన్నంక ఆఫ్ అన్నది. ఆఫ్ అన్నదంటే ఆ ఇద్దరు గాక ఇంకొకరు ఉన్నట్టే," అంది నాతో మెల్లగా. ఆ ఇద్దరూ మనవాళ్ళే కావాలని ఇంట్లో అందరమూ అనుకుంటున్నాం, పైకి ఎవరమూ అనడం లేదు.

అప్పుడే భాయ్ భార్య ఆటో దిగింది. "పొద్దుగాల్ల నుంచి ఫోన్ ఎత్తుతలేడు. ఖబర్ ఏమన్న ఉందా బెహన్?"

బాపు అడ్డుపడ్డాడు. "ఫికర్ జెయ్యకమ్మా, అందరు మంచిగనే..."

"లేదు బాపూ," అంది వదిన. "ఇద్దరు మంచిగున్నరని చెప్పిండ్రు భాబీ. ఆ ఇద్దరు ఎవరో నాకు తెల్వదు."

భాబీ అక్కడే మిరియాల బస్తా మీద కూలబడింది. వదిన వెళ్ళి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. దుకాణంలో బేరాలన్నీ ఆగిపోయాయి.

ఫోన్ మోగింది. స్పీకరు పెట్టమని బాపు సైగ చేశాడు. వదిన తన భర్త సంగతే ముందు అడుగుతుందనుకున్నాను.

"ఈజ్ ద డ్రైవర్ వన్ ఆఫ్ దెమ్?"

"యెస్, వన్ ఆఫ్ దెమ్."

"ఉన్నడు భాబీ," అంది వదిన. భాబీ ఏడవలేదు, వదిన మోచేతిని గట్టిగా పట్టుకుంది. రెండోవాడికి తెల్లజుట్టు అని నర్సు చెప్పింది. అంటే చిన్నాయన. అక్కడితో వదిన చదువుకున్న వ్యాకరణమంతా చెదిరిపోయింది. "త్రీ దెమ్... మై హజ్బెండ్... వేర్ హిమ్?"

"హీ ఈజ్ నాట్ విత్ అజ్."

ఆ మాట బాపుకు కూడా అర్థమైంది. వదిన చేతిలోంచి ఫోన్ జారింది. భాబీ ఆమెను రెండు చేతులా పొదివి పట్టుకుంది. ఫోన్ అందుకున్న నాకు నర్సు ఇంకా మాట్లాడుతూనే ఉండడం వినిపించింది. తలకు దెబ్బ, పెద్దాస్పత్రికి పంపారు, ప్రాణం ఉంది. అతను వాళ్ళ దగ్గర లేడు, అంతే.

ఆ సాయంత్రమే నేనూ బాపూ విమానమెక్కాం. అన్న మమ్మల్ని గుర్తుపట్టడానికి చాలా రోజులు పట్టింది. ఎడమ చెవి ఇప్పటికీ వినబడదు. భాయ్ కుంటుతూనే మళ్ళీ కారు పట్టాడు. చిన్నాయన మాత్రం కొండల మాట ఎత్తలేదు.

లేడు అన్న మాటకూ ప్రాణం ఉంది అన్న మాటకూ మధ్య నర్సు ఊపిరి తీసుకునేంత సేపే గడిచి ఉంటుంది. అన్న మా కళ్ళముందే ఇన్నేళ్ళుగా తిరుగుతున్నా, అతను లేని కాలం కొంత వదిన బతికింది. దాన్ని ఆమె వయసులోంచి తీసేయడం తర్వాత వచ్చిన ఏ సంవత్సరం వల్లా కాలేదు.