సొరంగం చేయని పగులు

2018 చివర్లో ఈ ఊరి కింద సొరంగంలో నడుస్తుందన్న కొత్త రైలు 2019 వచ్చినా నడవలేదు. తెలిసినవాళ్ళు కనబడితే చాలు, ‘ఏమైంది మీ రైలు?’ అని నన్ను నిలదీస్తారు, నేనేదో జేబులో పెట్టుకు తిరుగుతున్నట్టు. నేను సొరంగం తవ్వలేదు మహాప్రభో, గోడలు చూశాను.

తవ్వే యంత్రం వచ్చేలోపు దాని దారిలో ఉన్న ఇళ్ళకు వెళ్ళి, గోడల మీద పగుళ్ళకు ఫోటోలు తీయాలి. అదీ నా ఉద్యోగం. తవ్వకం అయ్యాక కొత్త పగులు కనిపిస్తే పాపం మాది, పాతదైతే ఇంటివాళ్ళది. ఇంత దూరం ఈ దేశం వచ్చి మాస్టర్స్ చదివింది ఇందుకా అని ఈస్ట్ హామ్ ఫ్లాట్‌లో నా రూమ్మేట్లు ఏడిపించేవాళ్ళు.

నన్ను ఒంటరిగా పంపిన మొదటి ఇల్లు వూలిచ్‌లో, రిటైరైన ఒక తెలుగు డాక్టరు గారిది. తలుపు తీయగానే కొత్త పెయింటు వాసన గుప్పుమంది. అంకుల్ చెవి మీద తెల్ల చుక్క. ఇంటికి మనిషి వస్తున్నాడంటే గోడలకు సున్నం వేసే రకం మనం. ఫోటోలు తీసే మనిషి వస్తుంటే ఊరుకుంటామా?

“నువ్వొస్తున్నావని లెటర్ వచ్చిన దగ్గర్నుంచీ ఆయన్ని కూర్చోనివ్వలేదమ్మా,” అన్నారు ఆంటీ గర్వంగా. “హాల్లో పగులు కూడా పూడ్పించాను. ఇరవై ఏళ్ళ కిందట నేను వద్దంటున్నా వినకుండా వంటింటి గోడ కొట్టించారు. అప్పట్నుంచీ ఆ పగులు నా ప్రాణానికి.”

“దానికీ గోడకీ సంబంధం లేదు,” అన్నారు అంకుల్. ఇరవై ఏళ్ళుగా అంటున్న మాటేనని గొంతులోనే తెలిసిపోయింది.

పగులు పూడ్చారని నేను రాయాలి. ఈలోగా ఆంటీ పెసరట్టు, అల్లప్పచ్చడి తెచ్చి పెట్టారు. నెలల తరబడి టేక్‌అవే తిన్న నోరు నాది. తింటూనే ‘పగుళ్ళు లేవు’ అని రాసి సంతకం పెట్టేశాను. ఆదివారం మళ్ళీ రమ్మన్నారు. ఆ తర్వాత ఆదివారాలన్నీ అక్కడే.

యంత్రం ఆ వీధి కిందుగా వెళ్ళిపోయిన కొన్ని వారాలకు హాల్లో పగులు వచ్చిందని అంకుల్ నుంచి ఫిర్యాదు వచ్చింది. వెళితే గుమ్మంలోనే ఎదురయ్యారు, పెళ్ళికొడుకులా వెలిగిపోతూ.

“చూశావా? మీ సొరంగమే. రిపేర్ నేనే చేయించుకుంటాను, పర్లేదు. గోడ కొట్టించినందుకు కాదని ఒక్క కాయితం ఇప్పించు చాలు. ఆంటీకి చూపించాలి.”

మా మేనేజరుకు అనుమానమే లేదు. ముందు ఫోటోలో లేని పగులు మాదే. నేను నోరు మూసుకుంటే అందరూ హాయిగా ఉండేవాళ్ళు. కానీ నేల కదలికను కొలిచే పరికరాలు ఆ ఇంటి కింద ఏమీ కదల్లేదంటున్నాయి. ఎవరైనా ఆ అంకెలు చూస్తే దొరికిపోతాను. నీతి ఎక్కువై కాదు, భయం ఎక్కువై నిజం రాశాను: పగులు పాతదని, పూడ్చిన సంగతి తెలిసీ నేను దాచానని. ఎందుకు దాచావని మేనేజరు అడిగితే పెసరట్టు సంగతి ఏమని చెప్పను? సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను ఇళ్ళకు పంపడం మానేసి కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు.

రిపోర్టు కాపీ వాళ్ళింటికి వెళ్ళింది. ఇరవై ఏళ్ళ తగువు ఆంటీ గెలిచారు, ఇక ఆవిడ సంబరం వినాలి అనుకున్నాను. వారానికి ఫోన్ చేశారు.

“కాయితం వచ్చిందమ్మా. ఆయన చదివి, మడిచి నా చేతిలో పెట్టారు. అప్పట్నుంచీ ఏమన్నా ఎదురు చెప్పట్లేదు. అన్నం తిని పైకెళ్ళి పడుకుంటున్నారు. నేనేదో నోటి దురదకి అనేదాన్ని. సొరంగం వల్లే అని రాసి పారేస్తే నీ సొమ్మేం పోయేదే?”

ఆదివారం రమ్మనకుండానే పెట్టేశారు.