గొట్టంలో పట్టిన రక్తం

మా నాన్న సూదికి భయపడే మనిషి. తనకు వేసేదానికి కాదు, అమ్మకు వేసేదానికి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో అమ్మకు మూత్రపిండాలు చెడిపోయాయి. కోవిల్పట్టి నుంచి విరుదునగర్‌కు బస్సులో డయాలిసిస్‌కు తీసుకెళ్ళేవాళ్ళం. మెడలో పెట్టిన గొట్టం గుండా రక్తం యంత్రంలోకి పోయి శుభ్రమై వచ్చేది. ఆ గొట్టం చోట చీము పట్టసాగింది. ఎడమచేతిలో రక్తనాళాలు కలిపి ఆపరేషన్ చేస్తే గాని దాన్ని తీసెయ్యడానికి లేదు.

ముందుగా అమ్మ రక్తం సరిగా గడ్డకడుతుందో లేదో చూడాలన్నారు. ఆపరేషన్ జరగాల్సిన ఎడమచెయ్యి ముట్టుకోకూడదు. కుడిచేతిలో నరం దొరకదు. మగ్గం మీద తెగిన పోగు కోసం అమ్మ వెతికినట్టే నర్సూ వెతికింది. రెండు పోట్లు వృథా అయ్యేసరికి నాన్న ఆగలేకపోయాడు.

"పావం సిస్టర్! రక్తం ఎట్లాగూ గొట్టంలో వస్తోంది కదా, అందులోనే పట్టుకోండి" అని తమిళంలో బతిమాలాడు. నర్సూ మనిషే, కరిగిపోయింది.

ఫలితం చూసి డాక్టరమ్మ పెదవి విరిచింది. రక్తం గడ్డకట్టడం లేదు, కత్తి పెడితే ఆగదు, ఆపరేషన్ ఇప్పుడు వద్దంది. నాన్న గోడకు చేరగిలబడ్డాడు. అమ్మ మాత్రం మా ఇద్దరి మొహాలూ చూసి విసుక్కుంది.

"నిన్న కత్తిపీటకు వేలు తెగె గదా! పసుపు అద్దేలోగానే రత్తం నిల్చిపోయె. ఈయమ్మకు ఎవరి రత్తం సూపించినారో అడుగు పాపా."

నేను అదే తమిళంలో చెప్పాను. రక్తం ఎక్కణ్ణుంచి తీశారని డాక్టరమ్మ అడిగింది. నాన్న తల వంచుకుని అమ్మ మెడ చూపించాడు. గొట్టం పూడుకుపోకుండా అందులో రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందు నింపుతారట. ఆ మందు కలిసిన రక్తమే పరీక్షకు పోయింది. మంచికి పోతే చెడు ఎదురైనట్టు! నాన్న మీద కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ జాలి వేసింది.

మరుసటిసారి యంత్రానికి తగిలించకముందే కుడిచేతి వెనక సూది గుచ్చారు. దూది అదిమి పట్టే పని అమ్మ నాన్నకే అప్పజెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని అదిమాడు. యంత్రం తిరుగుతున్నంతసేపూ పక్కనే కూర్చుని అదిమే ఉన్నాడు.

చివరికి డాక్టరమ్మ వచ్చి రక్తం బాగానే ఉంది, ఆపరేషన్ చేసేద్దాం అంది. నాన్న చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"నా రత్తం ఎప్పుడో నిల్చిపోయెనయ్యా," అంది అమ్మ. "చెయ్యి ఇడిసి, కండ్లు తుడుసుకో."