టీకాలమ్మకు అద్దె ఇల్లు

1953 వేసవిలో నన్ను రాయపూర్‌లో మశూచి టీకాలు వేసే పనిలో నియమించారు. అప్పటికి ఇరవై దాటాయంతే. కొత్తవాళ్ల ముందు నోరు పెగిలేది కాదు. అనాల్సినవన్నీ తర్వాత డైరీలో రాసుకునేదాన్ని. విజయనగరంలో ఉన్న అమ్మ, తమ్ముళ్లు బడులు తెరిచేలోగా రావాలి. సరైన ఇల్లు దొరక్కపోతే ఉద్యోగం మానేసి వచ్చెయ్యమని అమ్మ తేల్చి చెప్పింది. ఆవిడకు కావలసినవి దగ్గర్లో నీళ్లు, పట్టాలు దాటకుండా వెళ్లే బడి, పక్కింట్లో తెలుగు మాట. నాకు కావలసింది చదువుకోవడానికి ఒక కిటికీ. అది ఎవరికీ చెప్పలేదు.

ఇళ్లు చూడటానికి మా ఉద్యోగమంత అనువైనది లేదని కనిపెట్టి లోలోపల గంతులేశాను. టీకా పెట్టె చూపిస్తే చాలు, పెరటిదాకా రానిచ్చేవారు. బిడ్డ చెయ్యి సబ్బునీళ్లతో కడగాలి. స్పిరిట్ తగిలితే మందు పనిచేయదు. చుక్క వేసి, పళ్లచక్రం ఆనించి తిప్పి, ఆరేదాకా ఆగాలి. అది ఆరేలోగా నేను నూతి లోతు, వంటింటి పొగ, పక్కింటి తగాదా అన్నీ చూసేసేదాన్ని. వారానికి పొక్కు లేచిందో లేదో చూడ్డానికి మళ్లీ వెళ్లాలి కనుక రెండో పరిశీలన కూడా జరిగిపోయేది.

రాయపూర్ చుట్టుపక్కల ఊళ్లు కూడా చూశాను. తిల్దాలో ఆరేసిన బట్టలనిండా బియ్యం మిల్లుల ఊకే. ధర్సీవాలో తెలుగు మాట వినబడలేదు. రాయపూర్ స్టేషను దగ్గర ఫాఫాడీ పేట అన్నిటా నెగ్గింది.

ఒక ఆదివారం ధైర్యం కూడగట్టుకుని, పెట్టె లేకుండా అక్కడికి వెళ్లాను. వీధి మొదట్లోనే "టీకావాలీ ఆయీ!" అని, టీకాలామె వచ్చిందని కేక. క్షణంలో వీధిలో ఒక్క పిల్లా లేదు. నేను ఎంచుకున్న ఇంటి పెద్దాయన చేతులు జోడించి, ఇల్లు ఖాళీయే గానీ తన మనవడు నన్ను చూసి అటక ఎక్కాడని, నేను అద్దెకు దిగితే వాడిక కిందికి రాడని చెప్పాడు. పక్క సందులోనూ అదే మాట. మంచి ఇళ్లన్నిట్లో పిల్లల్ని నేనే ఏడిపించి పెట్టుకున్నాను! ఏడవబోయి, నవ్వు ఆపుకోలేకపోయాను.

అంతలో వీధి చివరి మేడ గుమ్మంలోంచి సూరమ్మ పిలిచింది. శ్రీకాకుళం వైపు మనిషి, రైల్వే ఫైర్‌మన్ భార్య.

"ఓలమ్మా, టీకాలమ్మా! మా మేడమీద కమరా ఖాళీగుంది, ఉంటావేటి?"

మీ పిల్లలూ నన్ను చూసి ఏడుస్తారు కదా అన్నాను.

"అందుకే గదా పిలిసినాను! ముగ్గురూ ముద్ద మింగరు. తింతారా, పైనున్న ఆయమ్మని పిలవమంతారా అంటే జల్దీ జల్దీ మింగెయ్యరేటి?"

ఒక్క గుక్కలో నీళ్లు, బడి, కిటికీ అన్నీ అడిగేశాను. మొదటి రెండూ ఉన్నాయంది.

"కిటికీ ఏటికే?"

"చదువుకోడానికి." నా నోటివెంట అది రావడం అదే మొదటిసారి.

"అదీ ఉంది, సదూకో. బోజనాలేళకి మాత్రం ఓ పాలి మెట్లమీద కనబడాల."

అమ్మ వచ్చిన రోజు నేను మెట్లు దిగాను. కింద మూడు కంచాలు క్షణంలో ఖాళీ. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఇంతకీ నువ్వు చేసే ఉద్యోగం ఏమిటే అని అడిగింది.

మనం ఊరిని పరిశీలిస్తున్నంతసేపూ ఊరు మనల్ని పరిశీలిస్తుంది. పదవీ విరమణ దాకా వచ్చిన బదిలీలన్నిట్లో ముందు ఇల్లు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే ఆ వీధిలో టీకా పెట్టె తెరిచాను.