జేబులో పెట్టుకున్న బ్యాటరీ

పటాన్‌చెరు దగ్గర స్కూటర్ల బ్యాటరీలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఒక్కో బ్యాటరీలో బొటనవేలంత సెల్లులు వందల కొద్దీ ఉంటాయి. బయటి నుంచి పెట్టెల్లో వచ్చే ఆ సెల్లులను పరీక్షించి, పనికొచ్చేవి లోపలికి పంపడం, రానివి పక్కన పెట్టడం నా ఉద్యోగం. ఇన్నేళ్లలో చేతికి ఒక అలవాటు వచ్చింది. సెల్లు అరచేతిలో పడగానే బరువు సరిపోయిందో లేదో తెలిసిపోతుంది.

మా ఆయనది కర్దనూర్. పొలం ఉన్న కుటుంబమే, కానీ ఆయన ఒక మందుల కంపెనీలో బాయిలర్ ఆపరేటర్. రోజుకు పెట్టె సిగరెట్లు తాగేవాడు. దుబాయ్ నుంచి సెలవుకు వచ్చిన స్నేహితుడొకడు ఆయనకు ఒక వేప్, అంటే బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ సిగరెట్, ఇచ్చి వెళ్లాడు. స్టీలు గొట్టంలా ఉండేది. అడుగున మూత తిప్పితే లోపల మార్చుకునే సెల్లు ఒకటి. సిగరెట్లు తగ్గాయి కాబట్టి నేనేమీ అనలేదు. దాన్ని అమ్మడం మన దేశంలో నిషేధమని ఇద్దరికీ తెలుసు. అందువల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే, దానికి ఏ చార్జర్ వాడాలి, ఏ సెల్లు వేయాలి అని ఏ దుకాణంలోనూ బాహాటంగా అడగలేము. ఇంట్లో ఉన్న నన్ను ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున మంచం మీద దుప్పటి సర్దుతుంటే చేతికి వేడిగా తగిలింది. వేప్‌ను ఫోన్ ఫాస్ట్ చార్జర్‌కు పెట్టి దిండు పక్కనే వదిలేశాడు. వైరు పీకేసి చెప్పాను.

"దీన్ని ఆ చార్జర్‌తో ఎక్కించకూడదండీ. దీనికి తగ్గది వేరే ఉంటుంది."

"ఏమైతది? ఫోన్ ఎక్కుతలేదా? గిది గూడ గట్లనే ఎక్కుతది."

"ఫోన్‌లో ఎంత తీసుకోవాలో, ఎప్పుడు ఆపాలో చూసుకునే సర్క్యూట్ ఉంటుంది. ఇందులో ఉందో లేదో మనకు తెలీదు. కనీసం మంచం మీద పెట్టకండి."

"సరే తియ్, నీ కంపెనీ ముచ్చట్లు ఇంట్ల వద్దు," అని నవ్వి వెళ్లిపోయాడు.

తర్వాత నెలలో, రిపేర్ షాపులో దొరికాయని రెండు కొత్త సెల్లులు తెచ్చాడు. ఊదారంగు ప్లాస్టిక్ తొడుగు, దాని మీద మెరిసే అక్షరాల్లో 9900 అని సామర్థ్యం. ఆ సైజు సెల్లులో అందులో సగం కూడా పట్టదు. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. తేలికగా ఉంది. బ్లేడుతో తొడుగు కోశాను. లోపల తుప్పు మచ్చలు, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచి పీకిన వెల్డింగ్ గుర్తులు.

"ఇవి వాడేసినవి. రెండూ వాపసు ఇచ్చేయండి," అన్నాను.

"గదైతే నువ్వే కోసినవ్ గదా, ఎట్ల తీసుకుంటడు? ఇంకోటి ఇచ్చేస్త."

ఇవ్వలేదు. ఆ సంగతి నాకు కొల్లూరు దారిలో తెలిసింది.

కొల్లూరులో ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లలో మా ఆడపడుచు ఉంటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం బండి మీద బయలుదేరాం. రింగు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులో వెళ్తుండగా కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస్సుమని చప్పుడు వచ్చింది. టైరు అనుకున్నాను. ఇంతలో ఆయన తొడ దగ్గర తెల్లటి పొగ. బండి ఆపలేదు, వదిలేశాడు. ఇద్దరం పడ్డాం. ఆయన జేబు మీద చేత్తో కొట్టుకుంటూ లేచి గంతులేస్తున్నాడు. నాకు మోచేయి గీసుకుపోయింది కానీ అప్పుడు తెలియలేదు.

రోడ్డు పక్కన మక్కకంకులు కాలుస్తున్న ఒక పెద్దామె పరుగెత్తుకొచ్చింది.

"ప్యాంటు ఇప్పెయ్ బిడ్డా! సిగ్గేంది, జల్దీ ఇప్పు!"

బెల్టు నేను లాగాను. ప్యాంటు కింద పడ్డాక జేబులోంచి మంట లేచింది. ఆమె తన తాగేనీళ్ల క్యాన్ తెచ్చి ఆయన తొడ మీద ధారగా పోస్తూనే ఉంది. క్యాన్ ఖాళీ అయ్యాక తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ఆయన నడుముకు కట్టింది. మంట ఆరాక కర్రతో ప్యాంటు కదిపి చూశాను. ఇంటి తాళంచెవుల గుత్తి, దాని పక్కన నల్లగా కాలిన సెల్లు, వాపసు ఇస్తానన్న ఆ రెండోది. ఏం జరిగిందో చెప్పడానికి నాకు పరీక్షలేవీ అక్కర్లేదు. తొడుగు చిరిగిన చోట తాళంచెవి తగిలి సెల్లు ప్లస్‌నూ మైనస్‌నూ కలిపేసింది. మా ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు నేను చెప్పే మాటే అది: విడి సెల్లును ఇనుప వస్తువులతో కలిపి పెట్టొద్దని.

ఆసుపత్రిలో డాక్టరు గాయం చూసి అడిగాడు. "ఏం పేలింది?"

"ఫోన్ సార్," అన్నాడు మా ఆయన.

డాక్టరు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆ తల ఊపడం గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నిషేధించిన వస్తువని భయం కొంత. సెల్లులు పరీక్షించే మనిషి ఇంట్లోనే ఇలా జరిగిందని నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గు అంతకంటే ఎక్కువ.

అరచేయంత గాయం. ఆరు వారాలు కట్లు మార్చాను. కర్దనూర్‌లో మాత్రం ఫోన్ పేలిందన్న కబురు ఊరంతా పాకి, మా ఆయన పినతండ్రి ఫోన్‌ను సంచిలో వేసి బండి హ్యాండిల్‌కు వేలాడదీసుకుని తిరగడం మొదలుపెట్టాడు. ఒకరోజు నేను కట్టు విప్పుతుంటే మా అత్తగారు పక్కన కూర్చుని మెల్లగా అంది.

"ఫోన్ పేలితే, ఆ దినం దవాఖానల నుంచి నాకు ఏ ఫోన్ల మాట్లాడిండు బిడ్డా?"

ఆయన గోడ వైపు తిరిగాడు. అంతా చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. "నీకు ఎరుకైన పనే గదా. గట్టిగ ఎందుకు చెప్పలే?" అని మాత్రం అడిగింది. నేను కొత్త కట్టు చుట్టాను.

గాయం మానాక ఆయన వేప్ మానేస్తాడనుకున్నాను. మానలేదు. కానీ మొదటిసారి నన్ను అడిగాడు.

"ఏది కొనాల్నో నువ్వే చెప్పు. నాకు సమజ్ కాదు."

వెళ్లాను. టార్చిలైట్ల సామాను అమ్మే దుకాణంలో, కంపెనీ పేరూ ఎంత కరెంటు తట్టుకుంటుందో స్పష్టంగా రాసి ఉన్న సెల్లులు రెండు ఎంచాను. సెల్లును బయటికి తీసి పెట్టుకునే చార్జర్ ఒకటి. ఇంట్లో వంటగది గట్టు మీద, బండ పైన పెట్టి, నిండే దాకా ఇద్దరం ఎదురుగా కూర్చున్నాం. దీపం ఆకుపచ్చగా మారాక మీటర్ పెట్టి చూశాను. దాటకూడని నాలుగుంబావు వోల్టుల లోపే ఆగింది. "ఆగింది," అన్నాను. ఆయన మీటర్ వైపు కాక నా మొహం వైపు చూస్తున్నాడు. విడిగా ఉన్న సెల్లుకు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాను. తొడుగు ఎక్కడైనా గీసుకుంటే ఆ రోజే నాకు చూపించాలని చెప్పాను. చూపించేవాడు.

ఏడాదికి పైగా అలా నడిచింది. తర్వాత అందులో పోసే ద్రవం దొరకడం కష్టమై వేప్ మూలన పడింది. ఇప్పుడు రోజుకు మూడు సిగరెట్లు తాగుతాడు. వాన వస్తే తొడ మీది మచ్చ దురద పెడుతుందంటాడు. పోయిన వారం మా ఫ్యాక్టరీలో నలుగురు కొత్త అమ్మాయిలు చేరారు. సెల్లును తాళంచెవులతో కలిపి ఎందుకు పెట్టకూడదని ఒకమ్మాయి అడిగింది. మా ఆయన జేబులో పేలిందని చెప్పాను. ఫోన్ అనలేదు.