మొదటి పేరా, అడుగున పెట్టిన చీర

తిరుపతిలో మాది చీరల అంగడి. మా నాయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం, మంచి చీర ముందు విప్పకూడదని. నాసిరకం నాలుగు పరచాలి. వచ్చినామె మొహం చిట్లించి లేవబోతుంటే అప్పుడు అడుగు నుంచి అసలుది లాగాలి. ఈ పద్ధతితోనే బతికాను. దీంతోనే నా కూతురి సీటు పోగొట్టాను.

నాయుడుపేట దాటాక ఒక కాలేజీలో అద్దకాల కోర్సు ఉంది. అది ఎందుకు చదవాలనుకుంటున్నారో వ్యాసం రాసి పంపాలి. దాన్ని చూసే సీటిస్తారు. బేరాల్లేని ఒక మధ్యాహ్నం పాప గల్లా పక్కన కూర్చుని తన మొదటి పేరా చదివి వినిపించింది.

"రంగు పోయిన చీర వెనక్కి వచ్చినప్పుడల్లా మా నాయన అబద్ధం చెబుతాడు. ఉప్పునీళ్లలో నానబెట్టలేదా అని కొన్నామెనే తప్పుపడతాడు. రంగు ఎందుకు పోతుందో మా ఇద్దరికీ తెలియదు. నాకు తెలుసుకోవాలని ఉంది."

నా చెవులు వేడెక్కాయి. కానీ బేరగాణ్ని కదా, కోపాన్ని సలహాగా మడిచి ఇచ్చాను.

"బాగుండాది పాపా. బాగుండాది కాబట్టే ముందర పెట్టగూడదు. ఆఖర్లో పెట్టు. మొదట్లో గంభీరంగా ఏదన్నా రాయి. మనిషికి బట్ట ఎంత ముఖ్యమో, అట్ల."

"అది అందరూ రాసేదే కదా నాయనా?"

"అందరూ రాస్తారంటే మంచి సరుకనే కదా! ముప్పై ఏండ్లు మనుషుల్ని కూర్చోబెట్టినోణ్ని, నాకు సెప్తావా?"

పాప ఆ పేరా కొట్టేసి ఆఖరికి మార్చింది. మొదట్లో నేను చెప్పినట్టే రాసింది.

సీటు రాలేదు. బస్సెక్కి కాలేజీకి పోయాను. ఆఫీసులో ఉన్న మేడం ఓపికగానే చెప్పింది.

"మొదటి పేరా చదువుతాం సార్. అది ఆకట్టుకుంటేనే ముందుకు పోతాం. మీ అమ్మాయిది అక్కడే ఆగిపోయింది."

"ఆఖరి పేరా ఒక్కటి సూడండి మేడం. అసలు సరుకంతా ఆడే ఉండాది."

"అయితే ముందే చూపించాల్సింది కదా?"

"పోనీ, సగం సీటైనా..." అన్నాను. సగం సీటంటే ఏమిటో నాకే తెలియదు. అలవాటుగా నోరు జారింది. ఆమె నవ్వలేదు.

చీర కొనేవాళ్లు పరుపు మీద కూర్చుంటారు, మనమిచ్చిన మజ్జిగ తాగి మొహమాటపడతారు. కాగితం చదివేవాళ్లకు ఆ మొహమాటం ఉండదని నాకు తట్టలేదు. తట్టలేదన్నదీ పూర్తి నిజం కాదు. పాప నా గురించి రాసింది ఎవరూ చదవకూడదనే నా మనసులో ఉంది. ఎవరూ చదవలేదు.

పాప ఇప్పుడు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీకి పోతోంది. మొన్న పొద్దున ఆ కాలేజీ ప్రకటన మళ్లీ వస్తే ఫోన్లో చూపించాను.

"ఈసారి నీకు తోచినట్టు రాయమ్మా. నేను నోరు తెరవను."

"నువ్వు తెరిస్తే ఎంత, మూస్తే ఎంత నాయనా. కాగితం ముందర కూసుంటే నాకే ఏమీ తోచల్యా" అంటూ టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుంది. వీధి చివర కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ఫోను నా చేతిలోనే ఉండగా ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది.