మొదటి తూటా

కిష్టారెడ్డిపేటలో మా అపార్ట్‌మెంటు కింద పెళ్లి ఊరేగింపు పోతోంది. రెండు ఔట్లు వెంటవెంటనే పేలాయి. కాసేపటికి కిటికీలోంచి పేలుడు మందు వాసన వచ్చింది. డెబ్బై దాటాక కూడా ఆ వాసన తగిలితే నాకు హవల్దార్ రామిరెడ్డి గారే గుర్తొస్తారు.

మాది గుడివాడ వైపు. నాన్నకు ఇక్కడి పెద్ద కర్మాగారంలో ఉద్యోగం దొరికితే డెబ్బైల మొదట్లో వచ్చాం. నేను పటాన్‌చెరులో ఒక రాగి తీగల కంపెనీలో టైపిస్టుగా చేరాను. రామిరెడ్డి గారు అక్కడ కాపలా పెద్ద. పట్టాళంలో పనిచేసి వచ్చిన మనిషి, దగ్గరి పల్లెలో సేద్యం ఉండేది. గేటు పుస్తకంలో లారీ వచ్చిన సమయం ఐదు నిమిషాలు తేడాగా ఎక్కినా మళ్లీ రాయించేవారు. ఇంత పట్టింపు ఎందుకండీ అని ఒకసారి విసుక్కున్నాను. "గడియారం జూసినంక గుడ అందాజగ రాస్తవా బిడ్డా?" అన్నారు, అంతే.

ఒక శనివారం మధ్యాహ్నం పనివాళ్లు వెళ్లిపోయాక గోదాము వైపు రెండు పేలుళ్లు వినిపించాయి. వరండాలోకి వచ్చేసరికి ఆయన ఎడమ చెయ్యి వేలాడేసుకుని నడిచి వస్తున్నారు. గోదాము గుమ్మంలో ఒకతను తొడ పట్టుకుని మూలుగుతున్నాడు. పక్కన ఇనుప కడ్డీ, గోదాములోంచి తీసిన రాగి తీగ చుట్ట. రామిరెడ్డి గారు తుపాకీని నా బల్ల మీద పెట్టి, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దన్నారు. తన తువ్వాలు ఇచ్చి నాతో అతని తొడకు కట్టించారు.

"ఇగ పోలీసులకు ఫోన్ కొట్టు. రామిరెడ్డి తుపాకి పేల్చిండు, ఒకనికి తాకింది, జల్దీ బండి పంపుమను. ఎందుకని అడుగుతరు. ఆయననే చెప్తడట అను. నువ్వు జూడనిది నువ్వు చెప్పకు."

వచ్చిన ఎస్సైతోనూ ఎక్కువ మాట్లాడలేదు. "కడ్డీతోని భుజం మీద కొట్టిండు సాబ్. మళ్ల ఎత్తిండు. పానం పోతదని పేల్చిన. భుజం దవాఖాన్ల జూపిచ్చుకుని, వకీలుతోని వచ్చి మిగిలింది చెప్త." ఎస్సై ఆయన భుజం వైపు చూసి సరేనన్నాడు.

దెబ్బ తిన్న మనిషి పేరు సాయిలు. పక్క ఊరివాడే, అంతకుముందు మా దగ్గర కూలికి వచ్చి మానేసినవాడే. మూడో రోజు ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ సాయంత్రమే మేనేజరు నన్ను పిలిచి కంపెనీ నివేదిక చెప్పి టైపు చేయించాడు. మొదటి తూటా హెచ్చరికగా గాలిలోకి, రెండోది గత్యంతరం లేక. చదివి వినిపిస్తే రామిరెడ్డి గారు తల అడ్డంగా ఊపారు.

"మొదటిదే తాకింది. రెండోది చెయ్యి వణికి పైకి పోయింది."

ఆయన సంతకం పెట్టలేదు. మర్నాడు ఆయన భార్య మా ఇంటికి వచ్చి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "జెర నువ్వన్న చెప్పు బిడ్డా. గా ఒక్క ముక్క రాస్తె ఏం బోతది? జైలుకు పోతడేమో." నేను వెళ్లి చెప్పాను. నిజానికి నాకూ ఆమె మాటే సబబుగా తోచింది. ఆయన మంచం మీద కట్టుకట్టిన భుజంతో కూర్చుని ఉన్నారు.

"వాని తల్లి నన్నడుగుతది, నా కొడుకుకు ఏమాయెనని. ఆమెకొకటి, పోలీసులకొకటి చెప్పాల్నా? గవన్ని యాద్ పెట్టుకునే ఓపిక లేదు బిడ్డా. ఇప్పటికే నిద్ర పడుతలేదు."

వకీలు పక్కన ఉండగా జరిగింది జరిగినట్టే రాయించారు. కంపెనీ ఆయన్ని పనికి రావద్దంది. సంగారెడ్డి కోర్టులో రెండేళ్లు నడిచింది. సర్కారు వకీలు, ముందే గాలిలోకి పేల్చి ఉంటే మనిషి బతికేవాడు కదా అని అడిగాడు. "బతికెటోడేమో" అన్నారు రామిరెడ్డి గారు. నేను సాక్ష్యంలో రెండు చప్పుళ్లు విన్నానని, ఏది ఎటు పోయిందో చూడలేదని చెప్పాను. కడ్డీ తల మీదికి లేచాక హెచ్చరించే వ్యవధి ఉండదని జడ్జి ఒప్పుకుని వదిలేశారు.

మేమెవరమూ సంతోషించలేదు. సాయిలు తల్లి ప్రతి వాయిదాకూ వచ్చేది. తీర్పు రోజున ఆమె బస్టాండులో పటాన్‌చెరు బస్సు ఎక్కడం చూసి, రామిరెడ్డి గారు నన్ను ఆపారు. తర్వాతి బస్సుకు పోదామన్నారు. ఎండలో గంటసేపు నిలబడ్డాం. ఆయన మళ్లీ ఉద్యోగానికి రాలేదు, తుపాకీ పట్టలేదు. కొన్నేళ్లకు పొలంలోనే పోయారు.

నేను ఈ చుట్టుపక్కల కంపెనీల్లో ముప్పై ఏళ్లు ప్రమాద నివేదికలు రాశాను. ఏది ముందు, ఏది తర్వాత అన్న దగ్గర నా చెయ్యి ఆగేది. అందుకు రెండు ఉద్యోగాలు పోయాయి. కానీ ఒకసారి, పిల్లల చదువుల రోజుల్లో, మేనేజరు చెప్పినట్టే రాశాను. ప్రమాదంలో పోయిన పనివాడు ముందు ముఖానికి కట్టుకున్న ముసుగు తీశాడని, తర్వాతే గ్యాసు గొట్టం పగిలిందని. జరిగింది తలకిందులు: గొట్టమే ముందు పగిలింది, తప్పు వాడిది కాదు. వాడి భార్య వచ్చి ఏం జరిగిందని అడిగితే ఆ కాగితమే చదివి వినిపించాను. ఆమె తనకు అర్థమైనట్టు తల ఊపి, నాకు దండం పెట్టి వెళ్లింది.